ఫ్లెమింగోలు రాని వారాలు

ఎస్తేరుకు జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలని కొండంత ఆశ. దరఖాస్తుకు శుక్రవారమే ఆఖరి గడువు. ఫెలోషిప్‌కు వయసు పరిమితి కూడా ఈ ఏటితో సరి. ఈసారి తప్పితే ఇంక లేదు.

పులికాట్ సరస్సు ఒడ్డున నలభై వారాలపాటు, వారానికో ఉదయం, ఫ్లెమింగోలను లెక్కపెట్టింది. కర్ర ముంచి నీటి లోతు కొలిచి నోటుబుక్కులో రాసుకుంది. నీళ్లు తగ్గేకొద్దీ పక్షులు పెరుగుతున్నాయని తేల్చింది. గ్రాఫులో గీత ఎక్కడా వంకర లేకుండా పైకి పోయింది. దాన్ని చూసుకుని ఆమె మురిసిపోయింది. తప్పులేదు, ఆ దరఖాస్తు ఆమె చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది మరి.

సిఫారసు ఉత్తరం కోసం అన్నీ పట్టుకుని ఖలీల్ సార్ దగ్గరికి వెళ్లింది. ఆయన సూళ్లూరుపేటలో స్థిరపడ్డ రిటైర్డ్ జువాలజీ లెక్చరర్. ఆమెకు పక్షులను చూడటం నేర్పింది ఆయనే. దరఖాస్తు చదివారు. నోటుబుక్కు తిరగేశారు. అక్కడక్కడ కొన్ని పేజీల్లో తేదీ ఉంది, నీటి లోతు ఉంది, పక్షుల గడి ఖాళీగా ఉంది.

“ఉత్తరం ఎప్పుడిస్తారు సార్?”

“రేపు పొద్దున్నే సరస్సుకాడికి పోదాం, రామ్మా.”

గడువు నెత్తిమీదికొస్తుంటే ఈయనకు షికారు గుర్తొచ్చిందేమిటని ఎస్తేరుకు ఒళ్లు మండింది. పెద్దాయనతో ఏమంటుంది? సరేనంది.

మర్నాడు మొదటి బస్సుకే వెళ్లారు. కర్ర ముంచి చూస్తే నీళ్లు జానెడు కూడా లేవు. ఆరు నుంచి ఎనిమిది దాకా బురదలో నిలబడ్డారు. ఎండ ఎక్కింది. ఒక్క ఫ్లెమింగో కూడా రాలేదు.

“రాసేదానికి ఈ పూట ఏం లేదు సార్. పోదామా?” అంటూ ఎస్తేరు నోటుబుక్కును సంచిలో పెట్టబోయింది.

సార్ చెయ్యి చాపి దాన్ని తీసుకున్నారు. తేదీ వేశారు. వచ్చిన టైము, నీటి లోతు, గాలి ఏ దిక్కుదో రాశారు. పక్షుల గడిలో సున్నా చుట్టారు.

“రెండు గంటలు చూసినాం గదమ్మా,” అన్నారు.

ఎస్తేరు నోటుబుక్కును వెనక్కి తీసుకుంది. అక్కడే గట్టు మీద కూర్చుని పాత పేజీలు తిప్పింది. పదకొండు ఖాళీ గడులు. ఏమీ కనపడలేదు కదా అని గ్రాఫులో ఆ వారాలను వదిలేసింది. ఇప్పుడు ఒక్కో గడిలో సున్నా పెట్టి, వెనక పేజీలో గ్రాఫు మళ్లీ వేసింది. నీళ్లు బాగా తగ్గిన వారాల్లోనే ఆరు సున్నాలు పడ్డాయి. అంత చక్కటి గీత ముక్కలు ముక్కలైంది.

“దీన్ని పంపితే నన్నెవరు తీసుకుంటారు సార్?” ఆమెకు ఏడుపు ఆగలేదు. “ఈ పదకొండూ కలిపితే నేను చేసిన పనంతా పోయినట్టే గదా!”

ఖలీల్ సార్ మోకాలి మీద తెల్లకాగితం పరుచుకుని, కలం మూత తీసి, ఉత్తరం మొదలుపెట్టారు. తల ఎత్తకుండానే అన్నారు.

“పక్షులొచ్చిన రోజు గొప్పతనం పక్షులదమ్మా. నువ్వు చేసిన పని ఈ పదకొండే.”