పెరిగే కాలు

దానియేలు మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు మనల్ని ఎగాదిగా చూస్తారు, తర్వాత ఏదో ఒక పని చెబుతారు. ఆ పనిలో జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే మన ఖర్మ. కాకినాడలో మా క్లబ్బు ఎర్రమట్టి కోర్టు మీద ముప్ఫై ఏళ్ళుగా ఆయన టెన్నిస్ నేర్పుతున్నారు. నాకు మాత్రం ఆట రాలేదు, అది ఆయన తప్పు కాదు. అయినా రోజూ వెళ్ళి బెంచీ మీద కూర్చుంటాను కనుక ఈ సంగతంతా దగ్గరుండి చూశాను.

ఆయన దగ్గర తాతారావని ఒక శిష్యుడున్నాడు. ఆట వచ్చు, ఇప్పుడు నేర్పడం నేర్చుకుంటున్నాడు. బుద్ధిమంతుడే, కానీ ఒక జబ్బుంది. తనకు తెలిసిన నిజాన్ని అరక్షణం కూడా కడుపులో దాచుకోలేడు. ఒక సాయంత్రం ముఖం మాడ్చుకుని వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు.

"మాస్టారూ, తప్పుని తప్పని చెబితే మనుషులకి కోపమెందుకొస్తుంది? చెప్పకపోతే వాళ్ళకే కదా నష్టం?"

"ఎవరికొచ్చిందయ్యా కోపం?"

"భ్రమరాంబ గారికి."

భ్రమరాంబ గారు జిల్లా జడ్జి కోర్టులో స్టెనో. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. రెండేళ్ళ కిందట సుగరు బాగా పెరిగిపోతే, రోజూ ఏదో ఒక ఆట ఆడమని డాక్టరు చెప్పాడు. రాకెట్టు ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలియకుండా మా కోర్టుకొచ్చింది. మొదటి నెల బంతిని కొట్టింది తక్కువ, గాలిని కొట్టింది ఎక్కువ, పాపం. నిరుడు వేసవికల్లా సుగరు దారిలో పడింది, ఆవిడ ఆటలో పడింది. "ఇంత వయసొచ్చాక నాకిదేం పిచ్చండీ, పొద్దున్న కళ్ళు తెరవగానే ఆట గుర్తొస్తుంది" అని నాతోనే ఎన్నిసార్లో అంది.

అలాంటి మనిషికి, ఆట జోరు పెరిగాక, ఆరు నెలలుగా కాళ్ళకి పొక్కులు. సుగరున్నవాళ్ళకి కాలి పుండంటే ఎంత భయమో వేరే చెప్పక్కర్లేదు. మెత్తగా ఉండాలి, నాలుగు రోజులు మన్నాలి, అంతకంటే ఇంకేమీ వద్దంటూ ఆవిడ ఆ ఆర్నెల్లలోనే నాలుగు జతల బూట్లు మార్చింది. ప్రతి జతతోనూ అదే గొడవ. చివరికి డాక్టరు ఖండితంగా చెప్పేశాడట: "ఈ పుండు మానాక ఇంకొక్కసారి చూద్దాం. మళ్ళీ పొక్కు కనిపించిందంటే మాత్రం టెన్నిస్ అనే మాట నా దగ్గర ఎత్తకండి."

పుండు మానింది. మర్నాడే సంబరంగా కోర్టుకొచ్చింది. పది నిమిషాలు ఆడిందో లేదో, మడమ దగ్గర మళ్ళీ చురుక్కుమంటోందని బెంచీ మీద కూలబడి బూట్లు విప్పింది. అప్పుడు తాతారావు చూశాడు, లోపల వేళ్ళ దగ్గర దూది కుక్కి ఉంది.

"ఇదేంటి మేడం?"

"బూట్లు ఒక నంబరు పెద్దవే కొనాలి బాబూ. వదులనిపిస్తే ముందు ఇలా పెట్టుకోవాలి. మా అమ్మ అలాగే కొనేది."

మనవాడు ఊరుకుంటాడా! "మీ అమ్మగారు మీకు తప్పు నేర్పారండీ. మీది ఆరో నంబరు కాలు, ఏడు వేసుకుంటున్నారు. లోపల కాలు జారుతోంది, మడమ ఒరుసుకుంటోంది" అన్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆవిడ ముఖం కందగడ్డలా అయిపోయింది. "మా అమ్మనంటావా నువ్వు!" అని బూట్లు చేత్తో పట్టుకుని, ఉత్తకాళ్ళతోనే గేటు దాటి వెళ్ళిపోయింది. సుగరు మనిషి, ఉత్తకాళ్ళతో! నా ప్రాణం ఉసూరుమంది.

మాస్టారు అంతా విన్నారు. తాతారావుని ఒక్క మాటా అనలేదు. "రేపు సాయంత్రం ఆవిడ ఆఫీసు నుంచి రాగానే బూట్లకొట్టుకి వెళదాం. పొద్దుటి కాలు వేరు, దినమంతా గడిచి కాస్త ఉబ్బిన కాలు వేరు, కొలత అప్పుడే చూడాలి. ఆవిడకి నేను ఫోను చేస్తాను. నువ్వు మాత్రం అక్కడ నోరు విప్పకు" అన్నారు. మాస్టారు పిలిస్తే ఆవిడ కాదనలేకపోయింది. నన్నెవరూ రమ్మనలేదు, అయినా వెళ్ళాను.

కొట్టు సుభానీది. ఆవిడ తాతారావు వైపు చూడకుండా కూర్చుని, "ఏడో నంబరు చూపించండి. మెత్తగా ఉండాలి, మన్నాలి" అంది. సుభానీ ఏడు తెచ్చి ముందు పెట్టాడు. ఆవిడ కాలు పెట్టబోతుంటే మాస్టారు చిన్న పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా. మీ అమ్మగారు బూట్లెలా కొనేవారో నాకు చెప్పండి."

ఆవిడ ఈ మాట ఊహించలేదు. కాసేపు అనుమానంగా చూసి, మెల్లగా మొదలుపెట్టింది. జూన్‌లో బళ్ళు తెరిచే ముందు ముగ్గురు ఆడపిల్లల్నీ వెంటబెట్టుకుని వాళ్ళమ్మ కొట్టుకెళ్ళేదట. డ్రిల్లుకి తెల్ల కాన్వాసు బూట్లు ఉండి తీరాలి. కొట్టువాణ్ణి నమ్మేది కాదు, తనే నేల మీద గొంతుక్కూర్చుని బూటు మూతి బొటనవేలితో నొక్కి చూసేది.

"ఎంత ఖాళీ ఉంటే మా అమ్మకి అంత సంతోషం మాస్టారూ. పాత చీర పీలికలు ఉండచుట్టి తనే లోపల సర్దేది. ఎలా సర్దేదో కానీ, రెండేళ్ళేసుకున్నా ఎక్కడా ఒరుసుకునేది కాదు. నేనెంత దూది పెట్టినా అలా కుదరట్లేదు" అంది. ఆర్నెల్లుగా కాళ్ళు కొట్టుకుపోతున్నా ఆవిడ బాధపడింది బూట్ల గురించి కాదని అప్పటికి గాని నా మట్టిబుర్రకి తట్టలేదు.

"ఇంత పెద్దవెందుకని ఎవరూ అడిగేవారు కాదా?"

"అడక్కేం! పెరిగే కాలు కదా, పెరుగుతుంది అనేది."

మాస్టారు లేచి, గోడ అరలోంచి ఆరో నంబరు జత తనే తీసి తెచ్చారు. వంగి ఆవిడ పాదాల దగ్గర పెట్టారు.

"మీ అమ్మగారు చెప్పినట్టే అయిందమ్మా. పెరిగింది."

ఆవిడ తన పాదాన్ని చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. నవ్వబోయి, నవ్వలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. సుభానీ ఏమీ ఎరగనట్టు డబ్బాలు సర్దుకున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు! తర్వాత ఆవిడ ముఖం తుడుచుకుని ఆరో నంబరు తొడుక్కుంది. తనే వంగి మూతి నొక్కి చూసుకుంది. కొట్లో అటూ ఇటూ నడిచింది, చటుక్కున ఆగింది, బంతి వస్తున్నట్టు పక్కకి ఒక అడుగు వేసింది.

"ఇవి మన్నుతాయా సుభానీ గారూ?"

"లోపల కాలు కదలకపోతే ఏ బూటైనా మన్నుతుందమ్మా" అన్నాడతను.

నెల రోజులు ఆడింది. డాక్టరు రెండు పాదాలూ తిప్పి తిప్పి చూసి, ఇక నా దగ్గరికెందుకు, వెళ్ళి ఆడుకోమన్నాడట. ఆ కబురు చెప్పడానికి కోర్టుకి పూతరేకులు పట్టుకొచ్చింది. మొదటిది తాతారావు చేతిలోనే పెట్టింది. వాడు సిగ్గుపడి తీసుకున్నాడు, తిన్నాడు, కానీ లోపల ముల్లు ఇంకా ఉన్నట్టుంది. ఆవిడ ఆటకి వెళ్ళగానే మాస్టారి దగ్గరికొచ్చి గొణిగాడు:

"నేను చెప్పిందీ ఆరో నంబరే కదా మాస్టారూ?"

మాస్టారు ఆవిడ ఆడుతున్న వైపు చూస్తూ అన్నారు: "ఆరేనయ్యా. నువ్వు వాళ్ళమ్మని లేచి వెళ్ళిపొమ్మన్నావు. నేను కూర్చోమన్నాను."