తాటాకు తీసే వేళ

అనగనగనగా మంచు కురిసే కొండ మీద ఒక కోట, ఆ కోటలో కొండమరాజు అని ఒక రాజు. ఆయనకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి. లేనిదల్లా ఒక్కటే, ఓపిక!

ఆ రాజు సముద్రపు ఒడ్డు రాజ్యం నుంచి కుందమాంబను పెళ్ళాడి తెచ్చుకున్నాడు. పాపం, ఆ పిల్లకు కోటలో ఎవరూ తెలియదు. పుట్టింటి నుంచి తోడొచ్చిన నూకాలవ్వతో తప్ప నోరు విప్పేది కాదు. పొద్దస్తమానం ఇద్దరూ కూర్చుని బొంత కుట్టేవారు.

అది మామూలు బొంత కాదర్రా! తాటాకును ఆరు మూలల బిళ్ళలుగా కత్తిరించాలి. ఒక్కో బిళ్ళకూ పాత చీర ముక్క చుట్టి, అంచుకు అంచు చేర్చి, సన్నగా కుట్టుకుంటూ పోవాలి. రోజుకు మూడు బిళ్ళలు అతికితే గొప్ప. నూకాలవ్వకు వాళ్ళ అమ్మమ్మ నేర్పింది, ఆ అమ్మమ్మకు వాళ్ళ అమ్మమ్మ. "ఇది మీ మేనత్త పెళ్ళి చీర, ఇది నీ ఉయ్యాల గుడ్డ" అని అవ్వ చెబుతుంటే రాణి ముఖంలో కాస్త కళ వచ్చేది.

రాజు ఒకనాడు వచ్చి, "రాణి మాతో మాట్లాడదేం?" అన్నాడు.

"మాట్లాడుతుంది ప్రభూ, కొంచెం ఆగండి" అంది అవ్వ.

నెల తిరిగాక మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే మాట, అదే జవాబు.

మూడోసారి ఆయనకు ఒళ్ళు మండింది. "ఈ ముసల్ది పక్కనుంటే రాణికి మేమెందుకు? రేపే దీన్ని పంపేయండి!" అని భటులతో అన్నాడు. రాణి చేతిలో సూది ఆగిపోయింది. కళ్ళు నిండాయి.

రాజు బొంత అంచు పట్టుకుని చూశాడు. "కుట్టడం అయ్యింది కదా, ఇంకా ఈ ఆకెందుకు?" అంటూ చివరి ముక్కలోంచి తాటాకు లాగేశాడు. అంతే! ముక్క ముడుచుకుపోయింది, వరుసంతా వంకర తిరిగింది.

"అయ్యో, ఎంత పని చేశారు ప్రభూ!" అంది అవ్వ. "ఆరు వైపులా ఆరు ముక్కలు వచ్చి పట్టుకున్నాకే ఆకు తీయాలి. అందాకా దాన్ని నిలబెట్టేది ఆకే."

అప్పుడు రాణి రాజు ఎదుట మొదటిసారి నోరు విప్పింది.

"నాకూ ఒకవైపే కుట్టు పడింది. అది మీరు. తక్కిన అయిదు వైపులా ఇంకా ఎవరూ లేరు. అవ్వను అప్పుడే తీసేయకండి."

రాజుకు సిగ్గేసింది. భటులను వెనక్కి పంపేసి, కింద కూర్చుని, సూది అందుకున్నాడు. ఏడుసార్లు వేలు పొడుచుకుని, సాయంత్రానికి ఒక్క అంచు కుట్టాడు. చిత్రమేమిటంటే, ఆ పూటంతా "ఇంకా ఎంతసేపు?" అనలేదు.

మర్నాడు ఆ సంగతి విని సేనాపతి భార్య ఒక చీర ముక్క తెచ్చింది. తరువాత వంటలక్క, ఆ తరువాత పూలమ్మే ఆమె. ఏడాది తిరిగేసరికి రాణిగారి గదిలో నవ్వులే నవ్వులు.

ఒక ఉదయం నూకాలవ్వ తనంతట తానే మూట కట్టుకుంది. "ఇక వెళ్ళొస్తాను తల్లీ" అంది. రాణి వలవలా ఏడ్చింది. కానీ కూలిపోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు పట్టుకున్నారు.

కనుక పిల్లలూ, ఎవరి ఆసరానూ తొందరపడి లాగేయకూడదు. నలుగురూ వచ్చి పట్టుకున్నాక, ఆసరా తనంతట తానే తప్పుకుంటుంది.