తీతువు చూసిన చెమ్మ

గుట్టల నడుమ వాగుకు అడ్డంగా జంతువులన్నీ కలిసి మట్టికట్ట లేపుతున్నాయి. వేసవంతా గుక్కెడు నీళ్ల కోసం కోసుల దూరం నడిచిన ప్రాణాలు మరి, ఒళ్లు దాచుకోకుండా పనిచేశాయి. ఎద్దు మట్టి లాగింది, పంది తవ్వింది. నక్క మేస్త్రిగిరీ చేసింది, అంటే నీడన కూచుని తోక ఊపింది.

కట్టకు దిగువన గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టుకుంది. గుడ్లు వదిలి కదలలేదు కనుక దాని చూపంతా ఆ కట్ట మీదే. పునాదిలో పాత మద్దిచెట్టు మోడు ఒకటి బయటపడటం అది చూసింది.

"నక్క బావా, రెండు రోజులాగితే వేళ్లతో సహా లాగేస్తా. ఉంచితే ఆ వేళ్ల వెంటే నీళ్లు కారతాయి" అంది ఎద్దు.

"వానలు నెత్తిమీదున్నాయి బావా. పైన మట్టి పోస్తే మోడు ఎవడికి కనబడుతుంది?" అని నక్క దాన్ని అలాగే కప్పించేసింది.

వానలు పడ్డాయి. చెరువు నిండుతోందని అందరూ గంతులేస్తుంటే తీతువుకు మాత్రం ముద్ద దిగలేదు. కట్ట అడుగున గుమ్మడాకంత చెమ్మ కనిపించింది. మొదటిరోజు తేటనీరే ఊరింది. మర్నాటికి ఎర్రగా వచ్చింది. నీళ్లు ఎర్రబడ్డాయంటే లోపలి మట్టి కరిగి బయటికొస్తున్నట్టే. తీతువు గొంతెత్తి అరిచింది.

"తీతీతీ! కట్ట కారుతోంది, చూడండర్రా!"

"ఓసి తీతువా, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నీ నోట ఏనాడైనా శుభం పలికిందా?" అంది నక్క. అందరూ పకపకా నవ్వారు.

ఎద్దు మాత్రం పెద్దమనసుతో దిగి చూడబోయింది. అది వచ్చేలోపే నక్క అందరి చాటున, తీతువు కళ్లముందే ఆ చెమ్మ మీద ఎండుమట్టి పోసి తొక్కేసింది.

"పొడిగానే ఉంది గదమ్మా" అంది ఎద్దు జాలిగా.

తీతువు సిగ్గుతో చచ్చిపోయింది. నిజంగానే భ్రమపడ్డానా అనుకుంది. కానీ పొట్ట కింద గులకరాళ్లు చల్లగా తగులుతున్నాయి. ఏమీ లేకపోతే నక్క ఎందుకు కప్పినట్టు? నక్క కప్పిందన్నా నమ్మేవాళ్లు లేరు, అరిచి లాభం లేదని దానికి తెలిసొచ్చింది.

మర్నాడు చెరువు నిండింది. మేస్త్రికి విందు. నక్క తన విస్తరి కట్ట మీద, చల్లగాలికి వేయమంది.

"అదేం మాట మామా?" అంది తీతువు, ఎన్నడూ లేనంత తియ్యగా. "కట్టిన చెయ్యి కట్ట కిందే తినాలని కదా మన పెద్దల ఆనవాయితీ. ఇదిగో, ఈ పొడినేల మీద కూచోండి. నిన్న ఎద్దు మామ చూసి మెచ్చుకున్న చోటే."

"అవునవును, ఆనవాయితీ తప్పకూడదు" అన్నారందరూ. కాదంటే ఎందుకో చెప్పాలి. నక్క నీళ్లు నమిలి దిగింది.

విస్తరి ముందు కూచుందే గానీ చూపు వెనక్కే. ఒక ముద్ద తింది, రెండోది చేతిలోనే ఉండిపోయింది. తీతువు చూపు ఆ విస్తరి మీదే. తన గుడ్లూ ఆ కిందే ఉన్నాయి మరి. విస్తరి అంచు మెల్లగా పైకి లేచింది. దాని కింద ఎర్రనీళ్లు.

"చచ్చాన్రోయ్! నిన్న కప్పిందంతా కొట్టుకుపోయింది! గండి పడుతుంది, పారిపోండి!"

"నిన్న ఏం కప్పావు బావా?" అంది ఎద్దు.

అడుగుతూనే కట్ట మీదికి పరుగు తీసింది. ఎద్దూ పందీ కట్ట చివర రాతినేల పక్కన అలుగు తవ్వి నీళ్లు మళ్లించాయి. సాయంత్రానికి చెరువు సగం దిగింది, కట్ట నిలిచింది. ఈలోపు ఊటనీరు పొర్లి తీతువు గుడ్లలో ఒకటి కొట్టుకుపోయింది. తీతువు మిగిలిన మూడింటినీ రెక్కల కింద పొదువుకుని ఏడ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నీళ్లన్నీ దిగాక కట్ట తవ్వి మోడు పీకే పని నక్కకే అప్పజెప్పారు. ఒళ్లంతా బురద, కడుపులో ఆకలి. వేలెడు వేరు మిగిలినా దిగువ నుంచి "ఇంకాస్త లోతుకు మామా!" అని తీతువు కేక వినబడుతుంది. "ఆమె సరేనంటేనే మట్టి పొయ్యి" అంటోంది ఎద్దు.

నీతి: కట్ట గట్టిదా కాదా అని పైన నిలబడ్డవాణ్ణి కాదు, కింద కాపురమున్నవాణ్ణి అడగాలి.