పోలయ్య మూడో పిలుపు

చలి ముదిరి, చెరకు తీపెక్కే రోజులవి. ఏటి పక్కన తోటల మధ్య ఒక బెల్లం పాక ఉండేది. అందులో పొడవాటి పొయ్యి. రోజంతా పాకం కాగిన ఆ పొయ్యి గోడ మర్నాడు పొద్దెక్కేదాకా వెచ్చగానే ఉండేది. ఆ గోడకి వీపు ఆనించుకుని చలి కాచుకోవడానికి నలుగురు ముసలి నేస్తాలు పాకని పట్టుకుని ఉండిపోయారు.

అందరిలోకీ పెద్ద పోలయ్య అనే ఎద్దు. పదమూడేళ్లు గానుగ తిప్పాడు. ఇంజను వచ్చి అతని పని పోయింది గాని తిరిగే అలవాటు పోలేదు. ఇప్పటికీ పాక చుట్టూ నాలుగు చుట్లు తిరిగితేనే మేత గొంతు దిగుతుంది. రెండోవాడు ఎరకయ్య. రేవుకి బట్టల మూటలు మోసిన గాడిద. యజమాని మోటారు బండి కొనుక్కున్న రోజునే ఇతన్ని వదిలేశాడు. మోకాళ్ల నొప్పుల మేక నూకాలు మూడోది. కనిపించిన ఆకునల్లా కొరికి ఇది దేనికి మంచిదో చెప్పడం ఆమెకి సరదా. నాలుగోది చుక్కమ్మ అనే కోడి. గుడ్లు మానేసి రెండేళ్లయినా, ఆ ముసలి మాంసం ఎంత మంటకీ ఉడకదని పాకవాళ్లు ఆమె జోలికి పోలేదు. బోర్లించిన పగుళ్ల పెనం కింద కాపురముంటూ, దొరికిన గాజుముక్కలన్నీ ఏరి దాచుకునేది.

ఎండ వచ్చాక పోలయ్య గిట్టతో నేల మీద గీతలు గీసేవాడు. గాజుముక్కలు పెట్టి పులీ మేకా ఆడుకునేవాళ్లు.

"మేకల్ని మింగే ఆట నేనాడను" అనేది నూకాలు రోజూ.

"పులిని కట్టేసే ఆట అనుకో ఒదినా, నీకు పుణ్యముంటుంది" అనేవాడు ఎరకయ్య రోజూ.

కిందటేడు ఈ నలుగురూ ఐదుగురు. బుచ్చన్న అని ఒక పొట్టేలు ఉండేవాడు. ఒకనాడు తెల్లవారగట్ల పొగమంచులో దారి తప్పి కాలవలో పడ్డాడు. ఎవరి పడకలో వాళ్లు ముడుచుకుని, ఎండొచ్చాక వస్తాళ్లే అనుకున్నారు. మంచు విడిచేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి బుచ్చన్న బిగుసుకుపోయి ఉన్నాడు.

ఆ మర్నాటి నుంచి పోలయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. తెలతెలవారుతుండగా, ఒకరి మొహం ఒకరికి కనిపించని మంచులో, అతను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. ఎక్కడున్నవాళ్లు అక్కడి నుంచే "ఉన్నా" అనాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ఎరకయ్య గొంతెత్తి ఆపకుండా ఓండ్రపెట్టాలి. గాడిద అలా అరిచిందంటే తోటలో అడవిపంది పడిందనుకుని పాకవాళ్లు కుక్కల్నీ కర్రల్నీ తీసుకుని పరుగెత్తుకొస్తారు. వానకి గాని, రోగానికి గాని, అలకకి గాని ఈ పిలుపు ఆగలేదు. పోలయ్య పట్టు అలాంటిది.

పుష్యమాసం మొదట్లో ఒక నక్క కుంటుకుంటూ వచ్చి చెరకు పిప్పి కుప్ప అవతల నిలబడింది. పేరు గురవయ్య. మెడలో ఒక గుడ్డసంచి.

"కొండల్లో వైద్యం నేర్చుకున్నాను. ఈ వయసులో తిరగలేక ఏదైనా వెచ్చని చోటు వెతుక్కుంటున్నాను" అంది నక్క.

నూకాలు అడ్డంగా నిలబడింది. "కోడి ఉన్న చోట నక్క వైద్యమేంటయ్యా?"

నక్క నొచ్చుకోలేదు. నోరు బార్లా తెరిచింది. "లెక్కపెట్టుకో తల్లీ. మూడే మిగిలాయి, ఆ మూడూ కదులుతున్నాయి. గంజి తాగి బతుకుతున్నాను."

నూకాలు వంగి మరీ చూసింది. పళ్లు మూడే ఉన్నాయి.

ఆ మర్నాడు పిలుపు విన్నాక నక్క పోలయ్య దగ్గరకొచ్చి తల వంచుకుంది. "పెద్దాయనా, మీ పిలుపులో నా పేరు కూడా చేర్చు. ఒంటరివాణ్ణి. ఏ గోతిలో పడి చచ్చినా అడిగే దిక్కు లేదు."

పోలయ్యకి బుచ్చన్న గుర్తొచ్చాడు. కాదనలేకపోయాడు. నక్క ఏటి గట్టు మీద పడుకునేది. రోజూ తన పేరు పిలిచీ పిలవగానే అక్కడి నుంచే "ఉన్నా" అని పలికేది. నూకాలు మోకాళ్లకి ఏదో ఆకు కట్టించింది. చుక్కమ్మకి కాళ్లు కొంకర్లు పోతుంటే బూడిదలో పెట్టి కాచుకోమంది. పది రోజులకే అందరి నోటా వైద్యుడు గారనే మాట స్థిరపడింది.

అప్పుడే పోలయ్యకి దగ్గు పట్టుకుంది. పొద్దున్నే నాలుగు పేర్లు పిలిచేసరికి డొక్కలు ఎగిరిపడేవి. నక్క అతని రొమ్ముకి చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంతోనే పోలయ్యకి భయం పట్టుకుంది.

"చెప్పు గురవయ్యా."

"చెప్పేదేముంది. మంచులో నోరు తెరిచి అరుస్తావు. ఆ గాలి తిన్నగా ఊపిరితిత్తుల్లోకి దిగుతోంది. ఇలాగే పిలుస్తూ పోతే పుష్యం దాటవు." తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగింది. "మీకూ అంతే. ఎండ పొడ తగిలేదాకా ఎవరూ నోరు తెరవకండి. మౌనమే పథ్యం."

"పిలుపు మానను" అన్నాడు పోలయ్య.

"మానకపోతే చస్తావు బావా" అన్నాడు ఎరకయ్య.

"బుచ్చన్న విషయం మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. నువ్వు కూడా పోతే మమ్మల్ని పిలిచేదెవరని అడుగుతున్నాను."

చుక్కమ్మ వచ్చి అతని ముందరి గిట్ట పక్కన కూర్చుంది. "అన్నా, ఏడాదిగా నీ మాట మేం విన్నాం. ఈ నెల్లాళ్లూ మా మాట నువ్వు విను." తన దగ్గరున్న వాటిలోకెల్లా మంచి ఎర్రగాజు ముక్క తెచ్చి అతని ముందు పెట్టింది.

పోలయ్య ఎంత మొండివాడైనా ఆ గాజుముక్క చూసి మెత్తబడ్డాడు. అందులోనూ రొమ్ములో నిజంగానే ఏదో గరగరలాడుతోంది. సరేనన్నాడు.

మొదటి మౌనపు పొద్దు గడవడం కష్టమైంది. తెల్లటి మంచు. చెరకు ఆకుల మీంచి నీటిబొట్లు రాలుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు. ఎరకయ్య ఉన్నాడా? నూకాలు లేచిందా? పిలుద్దామని నోటిదాకా వచ్చేది, మింగేసేవాడు. నిలబడ్డ చోటే నిలబడి, ముందొక కాలు, వెనకొక కాలు మార్చుకుంటూ ఉండిపోయాడు. ఎండొచ్చేసరికి అందరూ గోడ దగ్గరే ఉన్నారు.

"చూశావా, ఏమైంది? అందరం ఉన్నాం కదా" అంది నూకాలు.

"ఉన్నారు" అన్నాడు పోలయ్య. ఆ రోజు పులీ మేకా ఆటలో వరసగా మూడుసార్లు ఓడిపోయాడు.

రెండో పొద్దున మంచు మరీ దట్టంగా పట్టింది. తన ముట్టె తనకే కనిపించడం లేదు. బోర్లించిన పెనం దిక్కున గాజుముక్కలు గలగలమన్నట్టు వినిపించింది. చుక్కమ్మ లేచి తన సొత్తు సర్దుకుంటోందేమో అనుకున్నాడు. కానీ ఆమె సర్దడం మొదలుపెడితే ఒక పట్టాన ఆపదు. ఈ చప్పుడు ఒక్కసారి వచ్చి ఆగిపోయింది.

పోలయ్య పెనం వైపు తల తిప్పాడు. వింటూ నిలబడ్డాడు. పిలిస్తే చస్తానన్నాడు వైద్యుడు. పిలవకుండా ఉంటే కిందటేడు ఏమైందో తనకి తెలుసు. వస్తాళ్లే అని అప్పుడు అన్నది ఇంకెవరో కాదు, తనే. ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు గాని, అతను ఒక్కనాడూ మరిచిపోలేదు.

చావొస్తే రానీ అనుకున్నాడు. నోరు తెరిచాడు.

"ఎరకయ్యా."

కాసేపటికి, సందేహిస్తూ, "ఉన్నా. పథ్యం చెడగొట్టావేం బావా?"

"నూకాలూ."

"ఉన్నానన్నా. నోరు మూసుకో, దగ్గొస్తుంది."

దగ్గొచ్చింది. తగ్గేదాకా ఆగి పిలిచాడు. "చుక్కమ్మా."

జవాబు లేదు.

"చుక్కమ్మా." ఆకుల మీంచి నీటిబొట్లు. "చుక్కమ్మా."

ఎరకయ్య మంచులో తడుముకుంటూ దగ్గరికొచ్చాడు. "మూడయ్యాయి బావా. అరిచెయ్యనా?"

"ఆగు."

"ఆగడమేంటి?"

"పాకవాళ్లు లేచి, కుక్కల్ని విప్పి వచ్చేసరికి ఎత్తుకుపోయినవాడు ఏరు దాటేస్తాడు. ఎటుపోయాడో మనకి తెలీదు. ముందు అది తెలియాలి." పోలయ్య గానుగ తిప్పినట్టే ఆలోచించేవాడు. నిదానంగా సాగేది గాని, ఒక చుట్టు పూర్తయితే రసం దిగేది. ఈ చుట్టు ఇప్పుడే పూర్తయింది. "వరసలో ఇంకొక పేరుంది."

అతను మంచులోకి మొహం తిప్పి, మామూలుగా పిలిచినట్టే పిలిచాడు. "గురవయ్యా."

రోజూ పిలిచీ పిలవగానే పలికే గొంతు ఈ రోజు పలకలేదు.

నూకాలు కూడా వచ్చి చేరింది. "వైద్యుడు గారు పథ్యంలో ఉన్నారేమో అన్నా."

"పథ్యం నా రొమ్ముకి. ఆయన రొమ్ముకి ఏమైంది?" రెండోసారి గొంతెత్తాడు. "గురవయ్యా. చుక్కమ్మ పలకడం లేదు. నువ్వూ పలకడం లేదు. నువ్వు పలికితే నువ్వు క్షేమమని మా మనసు కుదుటపడుతుంది. పలక్కపోతే కట్టుబాటు ప్రకారం ఎరకయ్య అరుస్తాడు. కుక్కలొస్తాయి. నిన్నే వెతుకుతాయి, ఏటి గట్టంతా."

మళ్లీ దగ్గు. ఈసారి కళ్లలో నీళ్లు తిరిగాయి, ముందుకాళ్లు మడతపడబోయాయి. ఎరకయ్య భుజం ఆనించి నిలబెట్టాడు. పుష్యం దాటననే మాట పోలయ్య చెవిలో గింగురుమంది. ఇంకొక్క పిలుపు మిగిలి ఉంది. దానికి ఊపిరి చాలుతుందో లేదో తెలియదు. ఉన్నదంతా కూడగట్టుకున్నాడు.

"గురవయ్యా."

పడమటి గట్టు వైపు నుంచి, అరవై అడుగుల దూరంలో, గొంతు పలికింది.

"ఉన్నా."

ఆ మాట పూర్తిగా బయటికొచ్చిందో లేదో, అదే చోట రెక్కలు టపటపలాడాయి. వెంటనే చుక్కమ్మ గొంతు, జీవితంలో ఎన్నడూ అరవనంతగా అరిచింది. "అన్నా, ఇక్కడే ఉన్నా. వీడి నోట్లోనే ఉన్నా ఇప్పటిదాకా."

"ఇప్పుడు అరిచెయ్" అన్నాడు పోలయ్య.

ఎరకయ్య అరిచిన అరుపుకి చెరకు ఆకుల మీది మంచంతా రాలింది. పాకవాళ్ల కేకలు లేచాయి. కుక్కలు మరి వెతుక్కోనక్కర్లేకుండా తిన్నగా పడమటి గట్టు వైపే దూసుకుపోయాయి. నీళ్లలో ఏదో దూకిన చప్పుడైంది. కుంటుతూ వచ్చిన నక్క కుంటడం మరిచిపోయి ఏరు దాటిందని తర్వాత ఎరకయ్య ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్క లేదు.

చుక్కమ్మ నడుచుకుంటూ వచ్చింది. ఒక రెక్క వేలాడుతోంది. గోడ దగ్గర కూలబడి చాలాసేపు ఎవరి మొహమూ చూడలేదు.

"పట్టుకున్నప్పుడే ఎందుకు అరవలేదే?" అంది నూకాలు.

"కొండకి తీసుకెళ్లి కాళ్లకి కాపడం పెడతానన్నాడు ఒదినా. దారిలో నోరు తెరిస్తే గాలి పట్టేస్తుందన్నాడు. సగం దూరం వైద్యానికే పోతున్నాననుకున్నాను. అన్న నన్ను పిలిచినప్పుడు కూడా..." ఆమె ఆగింది. "పథ్యం చెడుతుందని పలకలేదు. తర్వాత పలుకుదామంటే, దవడలు బిగించేశాడు."

ఎవరూ నవ్వలేదు. ఎవరి నోరు వాళ్లు మూసుకున్నవాళ్లే కదా అందరూ.

గట్టు మీద నక్క సంచి పడి ఉంటే ఎరకయ్య నోట కరిచి తెచ్చాడు. నూకాలు దాన్ని కొమ్ముతో విప్పింది. మందు వేళ్లేమైనా ఉంటాయని ఆమె ఆశ. వేళ్లు లేవు. ఆకులు లేవు. ఈకలున్నాయి. తెల్లవి, గోధుమరంగువి, నీలం మెరుపువి, బాతువి ఒక రెండు. ఎన్ని ఊళ్లలో ఎంతమంది పథ్యం పాటించారో ఆ ఈకలకే తెలియాలి. నూకాలు తన మోకాళ్లకి కట్టిన ఆకు ఊడబీకి అవతల పారేసింది.

ఆ రాత్రి పోలయ్య చావు కోసం ఎదురుచూస్తూనే కళ్లు మూశాడు. తెల్లారింది. రొమ్ము గరగరలాడుతోంది, దగ్గూ వచ్చింది. బొంగురు గొంతుతో వరసగా పేర్లు పిలిచాడు. ముగ్గురూ పలికారు. ఆ తర్వాత ఎరకయ్య మంచులోంచి, "పోలయ్యా" అని పిలిచాడు.

ఏడాదిగా అందర్నీ పిలిచేవాణ్ణి తిరిగి పిలిచినవాళ్లు లేరు. పోలయ్య ఆ గొంతు వచ్చిన వైపు రెండడుగులు వేసి ఆగాడు.

"మూడయ్యాయంటే అరుస్తాను బావా" అన్నాడు ఎరకయ్య.

"ఉన్నా" అన్నాడు పోలయ్య.

పుష్యం దాటింది. మాఘమూ దాటింది. దగ్గు అలాగే ఉంది, పోలయ్యా అలాగే ఉన్నాడు.

నోరు మూసుకోవడమే నీ ఒంటికి మంచిదని ఎవరైనా చెబితే, ముందు వాడి నోట్లో ఏముందో చూడు.