ఔనుగుట్ట మీది రెండు గోరీలు

ఔనుగుట్ట దర్గాలో రెండు గోరీలకూ కలిపి ఒకే చాదర్ కప్పుతారు. ఒకటి షేక్ బుర్హాన్ సాహెబుది, రెండవది మౌల్వీ కుద్రతుల్లా సాహెబుది. బ్రతికినన్నాళ్లూ వాదులాడుకున్నవారు ఒకే చాదర్ కిందికి ఎలా వచ్చారో తెలుసుకుందాం.

పూర్వం ఇక్కడ కోట ఉండేది. కోటలో వీరిద్దరూ గురువులు. నిప్పు తగిలితే దూది ఎందుకు కాలుతుంది? కాల్చే గుణాన్ని దేవుడు నిప్పుకు ముందే ఇచ్చాడని షేక్ సాహెబు చెప్పేవారు. కాదు, కాలిన ప్రతిసారీ అప్పటికప్పుడు దేవుడి ఆజ్ఞ కావాలనేవారు మౌల్వీగారు. ప్రశ్న ఇంతే. దీనికే శిష్యులు తలలు పగలగొట్టుకున్నారు. విసిగిపోయిన కిల్లేదారు, అంటే కోట అధికారి, "ఇద్దరూ నా ముందు వాదించండి. ఓడినవారు ఊరు విడవాలి" అన్నాడు. అప్పటికి షేక్ సాహెబు భార్య మంచం పట్టి ఉంది.

మౌల్వీగారు గెలిచి తీరాలనే వచ్చారు. ముందుగా షేక్ సాహెబు లేచి, "మౌల్వీ సాహెబ్, మీ మాట నేను చెబుతాను, తప్పుంటే దిద్దండి" అని ఎదుటివారి వాదాన్నే మొదటినుంచీ విప్పి చెప్పారు. తన మాటే మౌల్వీగారికి మరింత బలంగా వినబడింది. ఉండబట్టలేక "ఔను, అదే" అన్నారు.

"ఇంకేం, షేక్ ఒప్పేసుకున్నాడు! మూటాముల్లె సర్దుకోమనండి" అన్నాడు కిల్లేదారు. సభ గొల్లున నవ్వింది.

మౌల్వీగారు నోరు మూసుకుంటే చాలు, గెలుపు ఆయనదే. ఆయన మాత్రం "ఆగండి హుజూర్, ఆయన మాట నేనింకా చెప్పలేదు" అన్నారు. చెప్పారు.

"అది కాదు" అన్నారు షేక్ సాహెబు. మౌల్వీగారు మళ్లీ చెప్పారు. "ఊహూఁ. నా మాట కాళ్లు విరిచి, అది కుంటుతోందంటున్నారు సాహెబ్."

పొద్దు వాలింది. "నేను సరిగా చెప్పేదాకా ఆయన్ను పంపకండి" అని మౌల్వీగారు వేడుకున్నారు. "అయితే ఇద్దరూ చచ్చేదాకా ఇక్కడే ఉంటారన్నమాట!" అని కిల్లేదారు తల పట్టుకుని లేచిపోయాడు.

అలాగే అయింది. మౌల్వీగారు తన అభిప్రాయం మార్చుకోలేదు, షేక్ సాహెబు వాదాన్ని సరిగా చెప్పాలని రోజూ ఆయన ఇంటి అరుగెక్కడమూ మానలేదు. షేక్ సాహెబు పోయాక ఒకనాడు, గోరీ పక్కన చెబుతూ చెబుతూ ఉండగా ఆ వాదం ఎక్కడా తడబడకుండా చివరిదాకా వచ్చింది. మౌల్వీగారు ఆగి ఎదురుచూశారు. ఔననేవారు లేరు.

మౌల్వీగారు పోయాక ఆయననూ ఆ పక్కనే పూడ్చి, రెండు గోరీలకూ ఒకే చాదర్ కప్పారు. నేటికీ తగవుపడి వచ్చినవారు ఇక్కడ ముందు ఎదుటివారి మాట చెప్పాలి. ఎదుటివారు ఔనన్నాకే దీపం వెలిగిస్తారు. అలా దీపం పెట్టినవారి ఇళ్ల మధ్య రాకపోకలు ఆగవని నమ్మకం. ఉరుసునాడు దర్గాను చూసుకునే ముజావరు మౌల్వీగారు నిలిచిన చోటే నిలిచి, షేక్ సాహెబు వాదం చెప్పి ఆగుతారు. అప్పుడు గుట్ట కిందివరకూ నిండిన జనమంతా షేక్ సాహెబు తరఫున ఒక్క గొంతుతో అంటారు: "ఔను, అదే!"