రాజావారి కంప్యూటరు, వర్మగారి కార్డు

కుంభవరం సంస్థానం పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. రాజావారి సరదాలు మాత్రం పోలేదు. కోటలో మిగిలిన నాలుగు గదుల్లో ఒకదాన్ని ఇప్పటికీ దర్బారు హాలనే అంటారు. ఒకనాటి పొద్దున విజయగోపాలరాజుగారు అందులో కొలువుదీరి, ఉన్న ఏడుగురు ఉద్యోగుల ముందూ కొత్త కోరిక బయటపెట్టారు.

"నా చేతులతో నేనే ఒక కంప్యూటరు బిగించుకోవాలి. పగలు మన మగ్గాల షెడ్డుకి చీర అంచులు గీయాలి. సాయంత్రం గుర్రప్పందేల ఆట ఆడుకోవాలి. ఏయే భాగాలు కొనాలో చెప్పండి."

మార్కండేయవర్మ లేచాడు. రాజావారికి దూరపు చుట్టం, ఆస్థాన సలహాదారు. ఇంతవరకు ఏం సలహా ఇచ్చాడో ఎవరికీ గుర్తులేదు గానీ, రెండేళ్ళు పట్నంలో ఉన్నాడన్న సంగతి మాత్రం ఎవర్నీ మరవనివ్వడు.

"ప్రభువుల హోదాకి తగ్గట్టుండాలి. తెర మీద బొమ్మలు ఆడించే గ్రాఫిక్స్ కార్డు బజార్లో అన్నిటికంటే పెద్దది, అద్దాల పెట్టె, ఏడు రంగుల లైట్లు. మిగతావి ఏవైతేనేం?"

వెనక వరసలో సన్యాసమ్మ గొంతు సవరించుకుంది. షెడ్డులో డిజైన్లు గీసేదీ, మగ్గం మొరాయిస్తే విప్పి బిగించేదీ ఆవిడే. ఇక్కడికి రాకముందు ఒక అద్దకాల కొట్టులో మూడేళ్ళు కంప్యూటరు మీద పనిచేసింది, దాన్ని విప్పి దులిపింది కూడా.

"మధ్యరకం కార్డు చాలండి దొరగారూ. ఆ మిగిలిన డబ్బుతో మెమరీ రెట్టింపు తీసుకోండి, డిజైను పెద్దదైతే అదే ఆదుకుంటుంది. లోపలికి కరెంటు అందించే సప్లై డబ్బా నమ్మకమైనది చూడండి. తెర కూడా మార్చాలి. షెడ్డులో ఇప్పుడున్న పాత తెర మీద మెరూను వంకాయరంగులో కనిపిస్తోంది. అది నమ్మి అద్దకం వేస్తే చీర కొన్నవాళ్ళు మన ఇంటి మీదికి వస్తారు. పెట్టె రేకుదైనా పరవాలేదు."

వర్మ నవ్వాడు. "ఇది మగ్గం కాదు సన్యాసమ్మా. నీ వరస సంతలో కూరలు ఏరుతున్నట్టుంది. ప్రభూ, ఈ యంత్రం వచ్చాక అంచులు అదే గీస్తుంది. ఇక ఈవిడతో పనేముంది?"

రాజావారి మనసు అప్పటికే ఏడు రంగుల్లో ఉంది. "నిజమేనోయ్. అది బాగా నడిస్తే నెలాఖరున పంపించేద్దాం" అన్నారు.

సన్యాసమ్మది పద్దెనిమిదేళ్ళ కొలువు. దణ్ణం పెట్టి మగ్గాల షెడ్డుకి వెళ్ళిపోయింది.

పది రోజుల్లో భాగాలు వచ్చాయి. కార్డు ఇటుకరాయి కంటే పెద్దది. ఉన్న డబ్బంతా అదే మింగేయడంతో మెమరీ చిన్నది, తెర పాతదే. రాజావారు కళ్ళజోడు సర్దుకుంటూ మరలన్నీ స్వయంగా బిగించారు. తెరకి వెళ్ళే ఆఖరి వైరు మాత్రం వర్మ పట్టుబట్టి తన చేత్తో తగిలించి, మెప్పు కోసం చుట్టూ చూశాడు.

స్విచ్చి వేస్తే పెట్టె పెళ్ళిపందిరిలా వెలిగింది. ఆట మొదలైంది. రాజావారి గుర్రం రెండడుగులు వేసి ఆగింది. మళ్ళీ రెండడుగులు వేసింది, మళ్ళీ ఆగింది.

"కుంటుతోందేమిటయ్యా?"

"కరెంటులో బలం లేదు ప్రభూ" అన్నాడు వర్మ.

మర్నాడు ఎండల వల్ల అన్నాడు. ఆ మర్నాడు గుర్రం కొత్తది, అలవాటు పడాలన్నాడు. నాలుగోనాడు అసలు మాట చెప్పాడు.

"ఒక్క కార్డు ఈ భారం మోయలేకపోతోంది. ఇలాంటిదే ఇంకోటి తెప్పిద్దాం."

రాజావారికి అప్పుడు అనుమానం వచ్చింది. సన్యాసమ్మని పిలిపించారు. ఆవిడ పెట్టె వెనక్కి వెళ్ళి వంగి చూసింది. తెర వైరు ఎక్కడుందో కనబడగానే నవ్వొచ్చింది. కొంగుతో మూతి తుడుచుకుని లేచింది.

"రెండోదెందుకు దొరగారూ. ఉన్నదాన్ని కూడా తీసేస్తాను. గుర్రం ఇలాగే నడుస్తుంది."

వర్మ పడీపడీ నవ్వాడు. "అది తీస్తే తెర మీద చీమ కూడా కనబడదు. కనబడితే నా పదవి నువ్వే తీసుకో."

"రాజావారి ఎదటే అన్నారు."

"అన్నాను. కనబడకపోతే నెలాఖరు దాకా ఆగక్కర్లేదు, ఈ పూటే నడు."

"చిత్తం."

సన్యాసమ్మ కరెంటు ఆపింది, మరలు విప్పింది, కార్డు ఊడదీసి వర్మ ఒళ్ళో పెట్టింది. మళ్ళీ స్విచ్చి వేసింది. ఆట వచ్చింది. గుర్రం రెండడుగులు వేసి ఆగింది. మళ్ళీ రెండడుగులు. నిన్నటికంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు.

రాజావారు తెర వంక చూశారు, వర్మ ఒడి వంక చూశారు.

"మరి ఇన్నాళ్ళూ ఇది ఆ పెట్టెలో ఏం చేస్తున్నట్టు?"

"వర్మగారు దర్బారులో చేస్తున్నదేనండి. అందరికంటే ఎక్కువ మేస్తూ, వేడెక్కుతూ, మెరుస్తూ కూర్చుంది."

కొలువులో ఉన్న వంటాయన మొదట నవ్వాడు. తర్వాత హాలంతా నవ్వింది.

సన్యాసమ్మ కార్డుని మళ్ళీ బిగించింది. "లోపల లెక్కలన్నీ చేసే ప్రాసెసరుకి కూడా ఓ మోస్తరుగా బొమ్మ చూపించే శక్తి ఉంటుందండి. తెర వైరుని వర్మగారు దాని కన్నంలో పెట్టారు. కార్డుని పని అడిగినవాళ్ళే లేరు" అంటూ వైరు మార్చింది. గుర్రం దుమ్ము రేపుకుంటూ పరుగందుకుంది. రాజావారు కుర్చీలోంచి సగం లేచిపోయారు.

పందెం ముగిశాక తమ శాలువా తీసి ఆవిడకి కప్పారు. సలహాదారు పదవి ఇచ్చి, అడిగిన మెమరీ, తెర కూడా వెంటనే తెప్పిస్తామన్నారు.

వర్మ మెల్లగా అడిగాడు. "మరి నా సంగతి ప్రభూ?"

రాజావారు కొత్త సలహాదారు వైపు తిరిగారు.

"వైరు మార్చగానే కార్డు కదిలింది కదండీ. రేపు పొద్దున్న అద్దకాల తొట్టి దగ్గరికి పంపండి. పని తగిలిస్తే వర్మగారూ కదులుతారేమో."

రాజావారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.