తూము పుస్తకంలో నక్క ఉదాహరణ

జంతువులన్నీ కలిసి వాగుకి అడ్డుకట్ట కట్టుకున్నాయి. దానికి రెండు తూములు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తూములెత్తే మోటార్లు సీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం మాట వింటాయి. ఆ ప్రోగ్రాం ఎలా రాయాలో ఉదాహరణలతో చూపించే పుస్తకం నక్క రాసింది. దాన్ని చూసి తూములు నడపాల్సింది ఎద్దు. ఇక దాని అవస్థ ఏం చెప్పమంటారు!

ఆ ఉదాహరణల్లో ఏ వస్తువుకీ సరైన పేరుండదు. నీటిమట్టానికి ఎ, గంటకి జె, తూముకి కె. పది వరసల్లో విప్పి రాయాల్సింది రెండు వరసల్లో కుక్కేసేది నక్క. అర్థం కాక ఎవరైనా వెళితే, పీత తెచ్చిస్తేనే విడమరిచి చెప్పేది. మూడేళ్లుగా పీతలు పట్టీ పట్టీ ఎద్దుకి ప్రాణం విసిగిపోయింది.

వానలు దగ్గరపడుతుండగా తాబేలు ఎద్దు దగ్గరికొచ్చింది.

"అన్నా, పెద్ద తూము కింద ఇసుకలో గుడ్లు పెట్టాను. నీళ్లు ప్రమాద గీత దాటితే చాలాసేపు గంట మోగుతుందిగా, అది ఆగేలోగా గట్టుకి చేర్చుకుంటాను. గంట లేకుండా నీళ్లు వదిలారో, ఒక్కటీ దక్కదు."

"నాకూ ఆ బెంగే చెల్లీ. గంట మోగినప్పుడల్లా పరిగెత్తుకొచ్చి మీట నొక్కే ఓపిక నాకు లేదు. గంట మోగి ఆగాక తూము దానంతటదే లేచేలా రాయించుకుంటాను," అంది ఎద్దు.

ఎద్దు తెచ్చిన పీతని అందుకుని, నక్క పుస్తకంలోని ఉదాహరణ తీసింది. 'నీళ్లు గీత దాటితే' అని అర్థమొచ్చే ఒక వరస, దాని కింద 'గంట కొట్టు' అని ఇంకో వరస. ఆ రెండో వరస కిందే 'తూము ఎత్తు' అని పొందిగ్గా చేర్చింది.

"షరతు కింద రెండు పనులయ్యాయి కదా, రెండింటినీ కలిపి బ్రాకెట్లు పెట్టవా బావా?" అంది ఎద్దు.

"బ్రాకెట్లు చేతకానివాళ్లకి. వరస చూడు, గీత గీసినట్టు లేదూ!"

ఎద్దుకి వాదించే ఓపిక లేదు. "సరేలే. ముందు చిన్న తూము మీద నడిపి చూద్దాం. ఏ మార్పయినా ముందు దాని మీదే, మన కట్టుబాటు అదేగా."

నక్క మొహం మాడింది. చిన్న తూము నీళ్లు దాని బొరియ పక్కనుంచే పోతాయి. "అబ్బే, ఎందుకిప్పుడు?"

"నీ రాత మీద నీకే నమ్మకం లేదా?"

నక్కకి రోషం వచ్చి మోటారు వేసింది. నీళ్లు గీతకి బారెడు కిందే ఉన్నాయి. గంట మోగలేదు, తూము మాత్రం సర్రున లేచింది! నీళ్లు బొరియలోకి ఉరికాయి. దాచుకున్న పీతలన్నీ చక్కగా ఈదుకుంటూ పోయాయి.

"ఆపు, ఆపు!" అని గంతులేసింది నక్క.

"ఏది మార్చమంటావు? జె నా, కె నా?" అంది ఎద్దు.

నక్క తన రాత తనే కింద నుంచి పైకి, పై నుంచి కిందకి చదివింది. "రాసి మూడేళ్లయింది! నాకెలా గుర్తుంటుంది?"

ఎద్దు నిట్టూర్చి, కొమ్ముతో కరెంటు తీగ పీకేసి, తూము పలకని భుజంతో కిందికి నొక్కింది. "బ్రాకెట్లు లేకపోతే షరతు మొదటి పనికే వర్తిస్తుంది బావా. రెండో పనిని ఎంత వరసగా పేర్చినా, అది షరతుతో పని లేకుండా జరిగిపోతుంది."

ఎద్దు వెనకే వచ్చిన తాబేలు తన గుడ్లున్న వైపు చూసింది. "అమ్మో! పెద్ద తూము మీద నడిపి ఉంటేనా!"

ఎద్దు అక్కడే కూలబడి, ఉదాహరణ కొట్టేసి మళ్లీ రాసింది. నీటిమట్టం అని, గంట అని, తూము అని పూర్తి పేర్లు పెట్టింది. రెండు పనులనీ బ్రాకెట్ల మధ్య ఉంచింది.

"ఎంత పొడుగు రాశావు!" అంది నక్క, ఒళ్లు విదిలించుకుంటూ.

"పొడుగే. అయినా ఇక నిన్ను అడగక్కర్లేదు," అంది ఎద్దు.

ఉదాహరణ రాసేది మన తెలివి చూపించుకోడానికి కాదు, చదివేవాళ్లు తప్పు చేయకుండా కాపాడడానికి.